నూనెను వెనక్కి తోసే మర

ఇంజన్‌లో ఆయిల్‌ను లోపలే ఉంచడం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. కదలని రెండు ముక్కల మధ్య అయితే కార్కు ప్యాకింగ్ పెట్టి బోల్టులు బిగిస్తే సరిపోతుంది. చిక్కంతా క్రాంక్‌షాఫ్ట్ వెనక కొస దగ్గర. అక్కడ ఆ కడ్డీ ఇంజన్ గోడ దాటి బయటికొచ్చి, నిమిషానికి వేల చుట్లు తిరుగుతూ ఫ్లైవీల్‌ను తిప్పుతుంది. దాన్ని గట్టిగా పట్టుకుంటే పట్టుకున్నది కాలిపోతుంది. వదులుగా వదిలితే కారుతుంది.

మన అంబాసిడర్‌లోని 1489 సీసీ బీ సిరీస్ ఇంజన్ ఈ చిక్కును ఒక వింత ఉపాయంతో దాటింది. దాని పుట్టిల్లు ఇంగ్లండులోని ఆస్టిన్ కంపెనీ. 1947లో ఏ40 డెవన్ కారులో 1200 సీసీతో మొదలైంది. 1952లో ఆస్టిన్, మోరిస్ కలిసి బీఎంసీ అయ్యాక మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌లో చేరింది. ఆ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీసే బెంగాల్లోని ఉత్తర్‌పారాలో అంబాసిడర్ అయింది, మొదటి బండ్లు మాత్రం పాత సైడ్ వాల్వ్ ఇంజన్‌తోనే నడిచాయి.

మూడు మెయిన్ బేరింగుల ఈ ఇంజన్‌కు వెనక ఆయిల్ సీలనేదే లేదు. రబ్బరు లేదు, తోలు లేదు, తాడూ లేదు. క్రాంక్ కొస మీద మరలు కోసి, చుట్టూ ఉన్న లోహానికీ దానికీ మధ్య వెంట్రుకవాసి ఖాళీ వదిలారు, అంతే. షాఫ్ట్ తిరుగుతున్నంతసేపూ ఆ సందులోకి చేరిన ఆయిల్‌ను మర లోపలికి తోసేస్తుంది, అది ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్‌లో పడుతుంది. ఏదీ దేన్నీ రాసుకోదు కాబట్టి అరుగుదల లేదు. నాకైతే ఇది అందమైన పనితనం. కానీ ఇంజన్ ఆగగానే మరా ఆగుతుంది. అప్పటికి సందులో మిగిలిన ఆయిల్ చుక్కలుగా దిగుతుంది. బండిని ఎగుడు మీద నిలిపితే ఇంకాస్త ఎక్కువ.

చేసినవాళ్లకు ఇది తెలియక కాదు. ఆనాటి బీఎంసీ బండ్లు చాలావాటిలో క్లచ్‌ను కప్పే బెల్ హౌసింగ్ అడుగున చిన్న రంధ్రం ఉంటుంది, అందులో వదులుగా వేలాడే స్ప్లిట్ పిన్ను ఒకటి. బండి కుదుపులకు అది ఆడుతూ రంధ్రంలో మడ్డి పేరుకోనివ్వదు. ఆయిల్ క్లచ్ ప్లేటు మీదికి పోకుండా నేల మీదికి పోతుంది. నేల పాడైనా పరవాలేదు, క్లచ్ పాడవకూడదు అనుకున్నారు.

ఇంకో దారి అప్పటికే జర్మనీలో ఉంది. వైన్‌హైమ్‌లోని ఫ్రాయ్‌డెన్‌బర్గ్ తోళ్ల కార్ఖానా 1930లలో వాల్టర్ సిమ్మర్ పేరుతో ‘సిమ్మరింగ్’ తెచ్చింది: లోహపు తొడుగులో షాఫ్ట్‌ను తాకుతూ ఉండే తోలు పెదవి. 1936 నాటికి తోలు స్థానంలో కృత్రిమ రబ్బరు వచ్చింది. ఈ పెదవి షాఫ్ట్‌ను ఎండుగా రుద్దదు, మధ్యలో మిల్లీమీటరులో దాదాపు వెయ్యో వంతు మందాన ఆయిల్ పొర ఉంటుంది. పెదవి ఆయిల్ వైపు నిటారుగా, గాలి వైపు వాలుగా ఉండడం వల్ల ఆ పొర లోపలికే నడుస్తుంది. సీలును తిరగేసి బిగించారా, అదే ఆయిల్‌ను బయటికి తోడి పోస్తుంది. అంటే రబ్బరు సీలు చేసేదీ మర పనే. బీ సిరీస్ ఇంజనే ఉన్న ఎంజీబీ కారుకు 1964లో ఐదు బేరింగుల క్రాంక్‌తో పాటు ఇలాంటి సీలు దక్కింది. మన 1489 మూడు బేరింగులతోనే ఉండిపోయింది.

ఇలాంటి ఇంజన్ మరీ కారుతోందంటే చాలామంది వెంటనే గేర్‌బాక్స్ దింపేస్తారు. ముందు చూడాల్సింది చాంబర్‌లోని ఒత్తిడిని బయటికి వదిలే బ్రీదర్. పిస్టన్ రింగులు అరిగితే మండిన వాయువు పక్కనుంచి చాంబర్‌లోకి దిగుతుంది. బ్రీదర్ పైపు మడ్డితో మూసుకుపోయి ఉంటే ఆ ఒత్తిడి ఆయిల్‌ను దొరికిన సందులోంచి నెట్టుకుపోతుంది. మర కొద్దిపాటి ఒత్తిడి ముందు కూడా నిలవదు. ఐడిల్‌లో ఆయిల్ మూత తీసి అక్కడ అరచేయి అడ్డం పెట్టండి. గట్టిగా ఊదుతోందా, తప్పు మరది కాదు.

ఇంకోటి, కారే చోటూ చుక్క పడే చోటూ ఒకటి కావు. ట్యాపెట్ కవరు వెనక మూలలోనో, బ్లాకు పక్కనున్న రేకు మూతల్లోనో మొదలైన ఆయిల్ గాలికి వెనక్కి జారి బెల్ హౌసింగ్ దగ్గర చుక్కవుతుంది. ఇంజన్ కడిగి ఆరాక టాల్కం పౌడరు చల్లి కాసేపు నడపండి. తెల్లపొడి మీద నల్లగీత ఎక్కడ మొదలైతే అదే చోటు. ఆ రేకు మూతలను బలంకొద్దీ బిగించొద్దు, రేకు వంగి, కార్కు నలిగి కారడం పెరుగుతుంది. సిలికాన్ దట్టంగా పూస్తే లోపలికి పొంగిన ముద్దలు ఊడి ఆయిల్ పంపు జల్లెడకు అడ్డం పడతాయి. ఇక లీకు ఆపే మందు సీసాల్లో చాలావరకు రబ్బరును ఉబ్బించేవే. రబ్బరే లేని చోట అవి దేన్ని ఉబ్బిస్తాయి?

మర బదులు లిప్ సీలు బిగించే కిట్లు విదేశాల్లో దొరుకుతున్నాయి. నాలుగు చుక్కల కోసం ఆ ఖర్చు దండగంటాను. ఇంజన్ బోరుకు దింపినప్పుడు మాత్రం ఒక పని చేయించుకోవాలి. వెనక మెయిన్ బేరింగు అరిగితే క్రాంక్ కుంగి, మర ఒక వైపు లోహాన్ని తాకి, రెండో వైపు సందు పెరుగుతుంది. కొత్త బేరింగులు వేయించి, మర చుట్టూ ఖాళీని ఫీలర్ గేజితో కొలిపించాకే చాంబర్ మూయించండి.