చౌడు మందు కొండ నేలకి పడదు

"పొలంలో జిప్సం జల్లండి, వరి ఇరగ పండుద్ది" అని చెప్పే వీడియోలు మన అరకు కుర్రాళ్ల ఫోన్లలోకీ వస్తున్నాయి. "అన్నా, మనమూ వేద్దామా?" అని నన్ను అడుగుతున్నోళ్లు ఉన్నారు. నా మాట ముందే చెప్పేస్తాను. జిప్సం మంచిదే. కాకపోతే అది చౌడుకి మందు. మన కొండ నేలకి ఉన్న జబ్బు వేరు.

అసలు చౌడు అంటే ఏటి? ఇది రెండు రకాలు. ఎండాకాలం నేల మీద ఉప్పు తెల్లగా పేరుకుంటే పాలచౌడు. సముద్రం పక్కన, నీరు బయటికి పోని పల్లాల్లో ఇది ఎక్కువ. దీనికి జిప్సం అక్కర్లేదు. చిన్న చిన్న మడులు కట్టి, మంచినీళ్లు నిలగట్టి, మురుగు కాలవలోకి వదిలెయ్యాలి. అలా కొన్నిసార్లు చేస్తే ఉప్పు కరిగి పోద్ది.

కారుచౌడు మొండిది. సోడియం మట్టి రేణువులను పట్టుకుని ఒదలదు. పీహెచ్ 8.5 దాటి ఉంటాది. తడిస్తే జిగట, ఎండితే రాయి. నీరు దిగదు, వేరుకి ఊపిరాడదు. జిప్సం పని ఇక్కడే. అందులోని కాల్షియం సోడియాన్ని గెంటేసి దాని చోట్లో కూర్చుంటాది. ఆ సోడియం కరిగిన నీటిని పొలం దాటించాలి. లేకపోతే దొంగని ఇంట్లోంచి గెంటి అరుగు మీద కూర్చోబెట్టినట్టే! ఆ తర్వాత జీలుగ వేసి, పూతకొచ్చినప్పుడు కలియదున్నాలి. చౌడుని తట్టుకునే రకం ఎంచుకుని, ముదురు నారుని కుదురుకి నాలుగైదు మొక్కలు చొప్పున నాటాలి. చౌడులో జింకు లోపం మామూలే కాబట్టి జింక్ సల్ఫేట్ కూడా వెయ్యాలి. ఈ నేలల మీద పని చెయ్యడానికే 1969లో హర్యానాలోని కర్నాల్‌లో కేంద్ర సంస్థ పెట్టారు. మన రాష్ట్రంలో బాపట్లలో ఈ పరిశోధన నడుస్తోంది.

ఇప్పుడు మన కొండకొద్దాం. ఇక్కడ వాన ఎక్కువ, నేల వాలు. కురిసిన ప్రతి వానా మట్టిలోని కాల్షియం, మెగ్నీషియాలను కడిగి కిందకి పట్టుకుపోద్ది. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని భీమిలి దగ్గర సముద్రంలో కలిసినట్టే, మన నేల సారమూ దిగువకే పోతాది. అందుకే మన ఎర్రనేలలు ఎక్కువగా పులుపు నేలలు. బొర్రా గుహల్లో సున్నపురాయి ఉంది కదా, మన మట్టిలోనూ సున్నం ఉంటాదిలే అనుకోకండి. పక్కన రాయి ఉన్నంత మాత్రాన మడిలోకి సున్నం రాదు.

పులుపు నేలలో ఇనుము, అల్యూమినియం కలిసి భాస్వరాన్ని బిగించేస్తాయి. బస్తాలకి బస్తాలు ఎరువేసినా మొక్కకి అందేది కొంచెమే. దీనికి మందు సున్నం. జిప్సం పులుపుని తగ్గించదు. పల్లపు మడిలో నీరు నిలిస్తే పులుపు దానంతటదే కొంత తగ్గుతాది, అందుకే వరి నిలబడుతోంది. ఊట మడుల్లో వరి ఆకుల మీద గోధుమ రంగు మచ్చలొస్తే ఇనుము ఎక్కువైందేమో చూసి, మధ్యమధ్యలో నీరు తీసి ఆరబెట్టాలి. గరువుల్లో రాజ్‌మా, మొక్కజొన్న వేసే వాళ్లకైతే సున్నం ఇంకా ముఖ్యం.

ఎంత వెయ్యాలి? అది వీడియో చెప్పలేదు, మట్టే చెప్పాలి. గట్లూ చెట్ల నీడా పెంటకుప్పలూ ఒదిలేసి, ఎకరంలో ఎనిమిది పది చోట్ల ఆరంగుళాల లోతు మట్టి తీయండి. కలిపి, నీడన ఆరబెట్టి, అరకిలో గుడ్డసంచిలో కట్టి రైతు సేవా కేంద్రంలో ఇవ్వండి. కార్డులో పీహెచ్ 6.5 కంటే తక్కువుంటే సున్నం గురించి అడగండి. 8.5 దాటితేనే జిప్సం మాట.

కార్డు ఇచ్చి చేతులు దులుపుకుంటే సరిపోదని అధికారులకీ చెప్పాలి. ఏ మడికి ఎంత సున్నమో, అది ఎక్కడ దొరుకుద్దో కూడా వాళ్లే చెప్పాలి. ఇక కార్డు మీది అంకెల్ని ఇంట్లో పెద్దోళ్లకి కువిలోనో, ఆదివాసీ ఒడియాలోనో విడమర్చి చెప్పే పని మనది. వీడియో పంపడానికి పట్టే టైములో ఆ పనీ అయిపోద్ది.