కనిపించే హంగులు, కనిపించని గొట్టాలు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఈ రెండు కార్యాలలోను మనిషిని వేధించేది ధనం ఒక్కటే కాదు. ఏది కావాలి, ఏది అక్కరలేదు అని తేల్చుకొనడమే అసలు చిక్కు. ఈ సామెత అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో పుట్టి ఉంటే, దానికి మూడవ పాదంగా "పడవ కొని చూడు" అన్న మాట తప్పక చేరి ఉండేది.

ఆ రాష్ట్రం సరస్సులకు ప్రసిద్ధి. పది ఎకరాలకు తగ్గని సరస్సులే అక్కడ 11,842 ఉన్నట్లు లెక్క. శీతకాలంలో అవి గడ్డకట్టి, మనుషులు నడవడానికే కాక బండ్లు పోవడానికి కూడా వీలైనంత గట్టిపడతాయి. అప్పుడు పడవలన్నీ ఒడ్డుకు చేరి, గుడ్డలు కప్పుకొని నిద్రపోతాయి. విచిత్రమేమంటే, కొత్త పడవను గురించి కుటుంబాలు ఆలోచించేది ఆ మంచు రోజులలోనే. నగరాలలో పడవల ప్రదర్శనలు జరుగుతాయి. అప్పుడు ఆర్డరు ఇస్తే, వసంతంలో మంచు కరిగి నీరు కదిలేనాటికి పడవ రేవుకు చేరుతుంది.

ఆ ఆర్డరు పత్రంలోనే ఉన్నది కథ అంతా. పై వరుసలో పడవ మూలధర ఉంటుంది. దాని క్రింద బారులు తీరి అదనపు హంగుల పట్టిక ఉంటుంది. ప్రతి హంగుకు ఎదురుగా ఒక చిన్న గడి, ఆ గడి పక్కన ఒక ధర. గడిలో గుర్తు పెట్టడం క్షణం పని. విడివిడిగా చూస్తే ఏ ధరా పెద్దదిగా తోచదు. చివరకు కూడి చూస్తే మాత్రం గుండె గుభేలుమంటుంది.

రెండు వరుసల పీపాలు

పాంటూన్ పడవకు మామూలు పడవవలె గుంటగా ఉండే అడుగు లేదు. నీటిలో రెండు పొడవాటి గొట్టాలు, వాటిపై బల్లపరుపుగా ఒక నేల, నేల చుట్టూ కమ్మీల కంచె, లోపల సోఫాలవంటి ఆసనాలు, వెనుక ఒక మోటారు. ఒక్క మాటలో చెప్పాలంటే, అది నీటిమీద తేలే వసారా.

దీని పుట్టుక రాజప్రాసాదాలలో జరగలేదు. 1950 దశకం తొలి సంవత్సరాలలో మిన్నెసోటాకు చెందిన ఆంబ్రోస్ వీరెస్ అనే రైతు, ఉక్కు పీపాలను ఒకదాని కొసకు ఒకటి అతికి రెండు వరుసలు చేసి, వాటిపై చెక్కనేల పరిచాడు. అది సరస్సులో ఒరిగిపోకుండా నిలకడగా తేలింది. తరువాతి కాలంలో పీపాల స్థానాన్ని అల్యూమినియం గొట్టాలు ఆక్రమించాయి. చెక్కబల్లల స్థానంలో నీటికి చెడని ప్లైవుడ్డు వచ్చింది. సూత్రం మాత్రం మారలేదు.

సూత్రం నిజానికి వీరెస్ నాటిది కూడా కాదు. క్రీస్తుకు పూర్వం 480లో పారశీక చక్రవర్తి జెర్క్సీస్ హెల్లెస్పాంట్ జలసంధిపై నావలను వరుసగా చేర్చి తన సేనను దాటించాడని హెరొడోటస్ వ్రాశాడు. జంట దేహాల పడవకు ఇంగ్లీషువారు వాడే 'కాటమరాన్' అన్న పేరు తమిళుల 'కట్టుమరం' నుండి పోయినదే. గోదావరి పాయలు దాటినవారికి ఈ రూపం కొత్త కాదు. నరసాపురం, సఖినేటిపల్లి రేవుల మధ్య ఏళ్ళ తరబడి మనుషులను, బండ్లను దాటించిన పంటును చూచినవారు మిన్నెసోటా పడవను చూస్తే, దూరపు చుట్టాన్ని చూచినట్లు గుర్తుపట్టగలరు. తేడా ఒక్కటే: పంటు బ్రతుకుతెరువుకు పుట్టింది, ఇది విహారానికి పెరిగింది.

రెండంగుళాల విలువ

ఒక కుటుంబాన్ని ఊహించుకొందాం. తాత, నాయనమ్మ, కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు, ఎదిగిన పిల్లలిద్దరు: మొత్తం ఎనిమిదిమంది. తాతకు చేపలు పట్టడం సరదా. నాయనమ్మకు నీడ కావాలి. ఎక్కడానికి దిగడానికి సులువుగా ఉండాలి. పిల్లలకు వేగం కావాలి; పడవ వెనుక తాడు కట్టించుకొని నీటిమీద జారాలి. కోడలికి మెత్తని ఆసనాలు, సంగీతం. కొడుకు చేతిలో కలం ఉన్నది, ఎదుట పత్రం ఉన్నది, జేబులో ఉన్న డబ్బుకు మాత్రం హద్దు ఉన్నది.

పత్రంలో మొదటి ప్రశ్న గొట్టాల వ్యాసం: 23 అంగుళాలా, 25 అంగుళాలా? రెండంగుళాల తేడాకు అంత ధర ఎందుకని ఎవరికైనా తోస్తుంది. ఇక్కడ ఆర్కిమిడీస్‌ను అడిగి తీరాలి. నీటిలో మునిగిన వస్తువు తాను తొలగించిన నీటి బరువుకు సమానమైన బలంతో పైకి నెట్టబడుతుందని గదా ఆయన సూత్రం. గొట్టం ఘనపరిమాణం దాని వ్యాసం వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. వ్యాసం నూటికి 9 వంతులు పెరిగితే, తేలే బలం నూటికి 18 వంతులు పెరుగుతుంది.

అంకెలలో చూద్దాం. గొట్టం పొడవు 20 అడుగులు అనుకొని, కొసల వంపును లెక్కించక, తిన్నని స్తూపంగా భావిద్దాం. 23 అంగుళాల గొట్టం పూర్తిగా మునిగితే సుమారు 1,634 కిలోల నీటిని తొలగిస్తుంది. 25 అంగుళాలది సుమారు 1,930 కిలోలు. అయితే గొట్టాలు పూర్తిగా మునిగితే నేలమీదికి నీరు వస్తుంది. పడవ తేలికగా సాగాలంటే అవి సుమారు సగానికి మించి మునగకుండడం మేలు. రెండు గొట్టాలు సగం సగం మునగడమంటే, లెక్కకు ఒక గొట్టం పూర్తిగా మునిగినట్లే. కనుక పై అంకెలే మొత్తం పడవ మోయదగిన బరువులు అవుతాయి.

పడవ, మోటారు, పెట్రోలు కలిసి 1,100 కిలోలు అనుకొంటే, మొదటిదానిలో మనుషులకు మిగిలేది 530 కిలోలు, రెండవదానిలో 830. మనిషికి 75 కిలోల చొప్పున ఎనిమిదిమంది బరువు 600 కిలోలు. అంటే 23 అంగుళాల పడవలో ఈ కుటుంబం కూర్చుంటే, తినుబండారాల బుట్ట ఎక్కించకముందే హద్దు దాటిపోయింది. 25 అంగుళాల పడవలో బుట్టకే కాదు, దారిలో కలిసిన చుట్టానికి కూడా చోటున్నది. ఉపాధ్యాయులు ఈ లెక్కను తరగతిలో వేయించవచ్చు. రెండంగుళాల విలువ విద్యార్థికి ఇంతకంటె బాగా బోధపడే మార్గం మరొకటి ఉండదు. ఇది అవగాహనకు వేసిన లెక్క మాత్రమే. నిజమైన హద్దు తయారీదారు పడవకు బిగించిన ఫలకంమీద ఉంటుంది. ఆ ఫలకంమీది అంకె చదవనిదే ఏ హంగుమీద గుర్తు పెట్టడమూ తగదు.

మూడవ గొట్టం

తరువాతి ప్రశ్న మరింత ఖరీదైనది. రెండు గొట్టాల నడుమ మూడవది వేయించడమా, మానడమా? వేయిస్తే తేలే బలం సగానికి సగం పెరుగుతుంది. అలలలో నిలకడ హెచ్చుతుంది. పెద్ద మోటారు బిగించడానికి వీలవుతుంది. గొట్టాల పక్కలకు అతికే అల్యూమినియం అంచుపట్టీలు కూడా ఈ కోవలోనివే. వేగం పెరిగినప్పుడు అవి నీటిని క్రిందికి తోసి పడవను పైకి లేపుతాయి. నేల అడుగున పరిచే రేకు, అలలు అడ్డదూలాలకు కొట్టుకొని తుంపరలు చిమ్మకుండా కాపాడుతుంది.

ఇవన్నీ అందరికీ కావాలా? అక్కరలేదు. చిన్న సరస్సులో, సాయంకాలం మెల్లగా విహరించే వృద్ధ దంపతులకు రెండు గొట్టాలు, చిన్న మోటారు చాలు. మూడవ గొట్టానికి పెట్టే డబ్బు వారికి నీళ్ళపాలే. ఈ పై కుటుంబం సంగతి వేరు. తాడు కట్టి పిల్లలను లాగాలంటే మోటారుకు బలం కావాలి. పెద్ద సరస్సులో మధ్యాహ్నపు గాలికి లేచే అలలను తట్టుకోవాలి. అప్పుడు మూడవ గొట్టం విలాసం కాక అవసరం అవుతుంది.

మోటారు విషయంలో ఒక పొరపాటు తరచు జరుగుతుంది. ముందు పడవ హంగులకు డబ్బంతా ఖర్చుచేసి, చివరకు మోటారు దగ్గర పిసినారితనం వహిస్తారు. ఖాళీ పడవను చక్కగా నడిపిన చిన్న మోటారు, ఎనిమిదిమంది ఎక్కగానే ఆయాసపడుతుంది. ఎద్దు బలం చూడకుండా బండికి చక్రాలు చెక్కించినట్లే ఇది. అట్లని తయారీదారు చెప్పిన గరిష్ఠ అశ్వశక్తిని మించడమూ ప్రమాదమే. ఆ రెండింటి నడుమ ఉన్నదే వివేకం.

తరువాత చేర్చగలవి, చేర్చలేనివి

హంగుల పట్టికను చూచి తికమకపడేవారికి ఒక సులభ సూత్రం ఉన్నది. పట్టికను రెండుగా విడదీయాలి: తరువాత చేర్చగలవి, చేర్చలేనివి.

గొట్టాల వ్యాసం, మూడవ గొట్టం, అంచుపట్టీలు, పెట్రోలు ట్యాంకు పరిమాణం, నేల అమరిక: ఇవి కర్మాగారంలోనే కావాలి. తరువాత మార్చడం దుర్లభం. మార్చినా ఖర్చు రెట్టింపు. పెద్ద మోటారుకు తగిన హైడ్రాలిక్ స్టీరింగు కూడా ముందే వేయించుకొనడం మంచిది. నీటి లోతు తెలిపే యంత్రం, అదనపు దీపాలు, పాటలు వినిపించే పెట్టెలు, గ్లాసులు నిలిపే గిన్నెలు, లంగరు, దిండ్లు: ఇవి మరుసటి సంవత్సరం కొనుక్కోవచ్చు, ఆపై సంవత్సరమూ కొనుక్కోవచ్చు. కొందరు తీరా ఒక వేసవి గడిచాక, వాటిలో సగం అక్కరలేదని తెలుసుకొంటారు.

నేలపై పరిచే దానికి కూడా ఆలోచన కావాలి. తివాచీ కాలికి మెత్తగా ఉంటుంది కాని నీటిని పీల్చుకొని త్వరగా ఆరదు. చేపల వాసన పడితే వదలదు. వినైలు పరుపును ఒక బకెట్టు నీటితో కడిగివేయవచ్చు. ఆసనాలకు ముదురు రంగు చూడ ముచ్చటైనదే. అయితే వేసవి ఎండలో అరగంట నిలిచాక దానిమీద కూర్చున్నవారికి ఆ ముచ్చట తీరిపోతుంది. అందుకే నాయనమ్మ కోరిన గుడ్డ పందిరిని విలాసాల జాబితాలో వేయరాదు. నీడలేని నీటిమీద ఎండ రెండు వైపులనుండి తగులుతుంది: ఒకటి ఆకాశంనుండి, ఒకటి సరస్సు అద్దంనుండి.

పడవను రోడ్డుమీద తరలించేవారు బండిని, దాని బ్రేకులను కూడా లెక్కలో చేర్చాలి. సముద్రపు పాయలలో నడిపేవారు ఉప్పునీటికి అల్యూమినియం తినిపోకుండా తాము కరిగి గొట్టాన్ని కాపాడే లోహపు బిళ్ళలను బిగించుకోవాలి. మిన్నెసోటా మంచినీటి సరస్సులలో ఆ బాధ అంతగా లేదు.

తలుపు గడియ

పట్టికలో చాలా చౌకగా ఉండి, ఎవరి కంటా పడని వస్తువులు కొన్ని ఉన్నాయి. అందులో ముఖ్యమైనవి పడవ ముందు తలుపు, దాని గడియ. పాంటూన్ పడవలలో కంచెకు వెలుపల, ముందుభాగాన కొద్దిపాటి నేల ఉంటుంది. పడవ సాగుతూ ఉండగా అక్కడ కూర్చుని కాళ్ళు నీటిలో వేలాడవేయడం పిల్లలకు మహా ఇష్టం. పడవ ఒక్కసారి మందగించిందా, ముందున్నవాడు తూలి రెండు గొట్టాల నడుమ పడతాడు. పడవ వాడిమీదుగా పోతుంది. వెనుక తిరుగుతున్నది ప్రొపెల్లరు. గడియ సరిగా పడే తలుపు, అది మూసేవరకు కదలని నడిపేవాడు ఉంటే ఈ ఘోరం జరగదు.

నిచ్చెన కూడా అట్టిదే. వెనుక భాగాన లోతుగా నీటిలోకి దిగే దృఢమైన నిచ్చెన ఉంటే వృద్ధులు ఈత తరువాత తేలికగా ఎక్కగలరు. మోటారు ఆపిన తరువాతనే దానిని వాడాలి. కారణం ప్రొపెల్లరు ఒక్కటే కాదు, మోటారు వదిలే విషవాయువు కూడా. 2021 ఏప్రిల్ 1 నుండి అమెరికాలో 26 అడుగులలోపు పడవలను వేగంగా నడిపేవారు మోటారును ఆపే మీట త్రాడును ఒంటికి తగిలించుకోవాలని శాసనం వచ్చింది. నడిపేవాడు నీటిలో పడితే మోటారు తనంతట ఆగిపోతుంది. పదేళ్ళలోపు పిల్లలు నడుస్తున్న పడవలో లైఫ్ జాకెట్టు ధరించి తీరాలన్నది మిన్నెసోటా నియమం. ఒంటికి సరిపోయే జాకెట్లు ఆర్డరు పత్రంలో ఉండకపోవచ్చు. కుటుంబం పట్టికలో మాత్రం అవే మొదటి వరుసలో ఉండాలి.

పై కుటుంబంలో చివరకు ఏమి తేలుతుంది? పిల్లలకోసం మూడవ గొట్టం, దానికి తగిన మోటారు. నాయనమ్మకోసం పందిరి, నిచ్చెన. తాతకోసం కడగడానికి వీలైన నేల. సంగీతపు పెట్టెలు, రంగుదీపాలు మరుసటి ఏటికి వాయిదా పడతాయి. కోడలు కొంత చిన్నబుచ్చుకొనవచ్చు. కాని సరస్సు నడుమ గాలి లేచి, అల కంచెను తాకిననాడు, ఎనిమిదిమందీ తడవకుండా ఒడ్డు చేరినప్పుడు, ఆ ఎంపికలోని అర్థం ఆమెకే ముందుగా స్ఫురిస్తుంది.

పడవ ఎక్కినవారికి కనిపించేవి పందిరి, ఆసనాలు, రంగులు. మోసేవి మాత్రం నీటి క్రింద ఉండి ఎవరికీ కనిపించని గొట్టాలు. ఇంటికి పునాది, చదువుకు అక్షరం, పడవకు గొట్టం. చూపరులు వీటిని మెచ్చుకోరు. అందుకే వీటిని ఎన్నుకొనేవాడు మెప్పును గాక, మోయవలసిన బరువును తలచి కలం పట్టాలి.