బాడీ ఫ్యాట్ 2% తగ్గిందా? ముందు మెషీన్ సంగతి చూద్దాం

పోయిన నెల జిమ్‌లో మెషీన్ ఎక్కితే 24% ఫ్యాట్ అంది, ఈ నెల 22% అంటోంది. వెంటనే ఫొటో తీసి స్టేటస్ పెట్టేస్తాం. కానీ తగ్గింది కొవ్వేనా, లేక మెషీన్ మాట మార్చిందా? బాడీ కంపోజిషన్ ల్యాబ్ నడిపేవాళ్లకి రోజూ ఇదే తలనొప్పి.

జిమ్ మెషీన్ అసలు కొవ్వుని నేరుగా కొలవదు. ఒంట్లోకి చాలా చిన్న కరెంట్ పంపి, ఎంత అడ్డు తగిలిందో చూస్తుంది. కండలో నీళ్లు ఎక్కువ కాబట్టి కరెంట్ తేలిగ్గా వెళ్తుంది, కొవ్వులో వెళ్లదు. మిగతాదంతా మీ వయసు, ఎత్తు, బరువు వేసి కట్టిన ఫార్ములా. అందుకే బాగా చెమట పట్టినా నంబర్ కదులుతుంది.

రీసెర్చ్ ల్యాబుల్లో ఎక్కువగా కనిపించేది డెక్సా. రెండు రకాల శక్తి ఉన్న ఎక్స్‌రేలు పంపి ఎముకని, కొవ్వుని, మిగతా భాగాన్ని వేరు చేస్తుంది. రేడియేషన్ చాలా తక్కువే, అయినా గర్భిణులకి చేయరు. ఒక తమాషా చూడండి: లీటర్ నీళ్లు తాగి పడుకుంటే డెక్సా కూడా దాన్ని దాదాపు కండ లెక్కలోనే వేస్తుంది! కాబట్టి పరగడుపున, ఒకే టైమ్‌కి, పలచటి బట్టలతో రమ్మంటారు.

పొద్దున్నే మొదటి స్కాన్ మనిషికి కాదు, ఫాంటమ్‌కి. అంటే విలువ ముందే తెలిసిన, వెన్నెముకలాంటి నమూనా. దాని రీడింగ్ రోజూ గ్రాఫ్‌లో పెడతారు. 1.5% దాటి పక్కకి పోతే స్కాన్లు ఆపి సర్వీస్ ఇంజినీర్‌కి ఫోన్ చేయాల్సిందే. కొవ్వు, కండల చెకింగ్‌కి వేరే ఫాంటమ్‌లు ఉంటాయి. మా సాఫ్ట్‌వేర్ వాళ్లు కోడ్ పంపేముందు టెస్టులు రన్ చేసినట్టే అన్నమాట.

తర్వాత టెక్నీషియన్ వంతు. 30 మందిని రెండేసి సార్లు, లేదా 15 మందిని మూడేసి సార్లు స్కాన్ చేయాలి. ప్రతిసారీ మనిషిని బల్ల దింపి, మళ్లీ పడుకోబెట్టాలి. వచ్చిన తేడాల నుంచి లెక్కగట్టిన ఎర్రర్‌ని 2.77తో గుణిస్తే, ఆ ల్యాబ్ నమ్మదగిన కనీస మార్పు వస్తుంది. ఎర్రర్ 400 గ్రాములు అనుకోండి, అప్పుడు సుమారు 1.1 కిలో దాటితేనే మార్పు అనాలి. అర కిలో తగ్గిందని గంతులేయకూడదు.

ఇంత చాదస్తం దేనికి అంటారా? మన హైదరాబాద్ ఉదాహరణే ఉంది. 1987–90లో నగరానికి దగ్గర్లోని కొన్ని గ్రామాల్లో గర్భిణులకి, చిన్నపిల్లలకి అదనపు ఆహారం ఇచ్చారు, మరికొన్ని ఊళ్లకి అప్పటికింకా ఆ పథకం రాలేదు. ఆ పిల్లలు పెద్దయ్యాక తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకి రప్పించి డెక్సా తీశారు. ఇప్పుడు మేనేజర్ కుర్చీలో మీరున్నారనుకోండి. తిండి అందిన ఊళ్లవాళ్లందరినీ ముందు, మిగతావాళ్లని ఆర్నెల్ల తర్వాత పిలిచారు. ఈలోగా మెషీన్ రీడింగ్ కాస్త జరిగింది. ఆ తేడా చిన్నప్పటి తిండి వల్ల వచ్చిందని రాసేస్తారు! ఇరవై ఏళ్ల శ్రమ గోవిందా. అందుకే రెండు రకాల ఊళ్లవాళ్లనీ కలిపి పిలవాలి, మెషీన్ మధ్యలో మార్చకూడదు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కూడా ఎవరికి వాళ్లు నొక్కేయకూడదు, ఈ విషయంలో మావాళ్ల మీద నాకు పెద్ద నమ్మకం లేదు!

మీరు డబ్బు కట్టి స్కాన్ చేయించుకుంటే ఒక్కటి అడగండి: "మీ దగ్గర ఎంత తేడా వస్తే నిజమైన మార్పు అంటారు?" దానికి నంబర్ చెప్పలేకపోతే, నేనైతే అక్కడ రెండో స్కాన్‌కి వెళ్లను.