కారు సీటు మీద పాలు ఒలికితే...

సెలవు రోజున పిల్లల్ని చంద్లాపూర్‌లోని రంగనాయక సాగర్‌కి తీసుకెళ్ళారు. 2020లో గోదావరి నీళ్ళు చేరినప్పటి నుంచి ఆ కట్ట మీదికి వచ్చేవాళ్ళు ఎక్కువే కదా! తిరిగి వస్తుంటే చంటివాడి పాలసీసా మూత ఊడి సీటంతా తడిసింది. "ఇంటికెళ్ళాక చూద్దాంలే" అనకండి. ఎండకి మూసిన కారులో పాలు గంటల్లోనే పులుస్తాయి.

ముందు కారు పక్కకి ఆపించండి. దొర్లిన సీసా బ్రేకు కింద ఇరుక్కుంటే ప్రాణాపాయం. దాన్ని తీశాకే మరక సంగతి.

పాత నూలు గుడ్డతో అద్దండి, రుద్దకండి. రుద్దితే పాలు స్పాంజిలోకి దిగుతాయి. తర్వాత చన్నీళ్ళలో ముంచి పిండిన గుడ్డతో మళ్ళీ మళ్ళీ అద్దాలి. వేణ్ణీళ్ళు వద్దు, పాలలోని మాంసకృత్తులు గడ్డకట్టి మరక పట్టేస్తుంది. కూల్‌డ్రింకయితే గోరువెచ్చని నీళ్ళు పరవాలేదు, పంచదార త్వరగా కరుగుతుంది. ఏదైనా సరే, సీటు మీద నీళ్ళు గుమ్మరించకండి. ఈ కాలం కార్లలో సీటు కింద వైర్లుంటాయి.

ఇంటికొచ్చాక గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు కలిపిన నీళ్ళతో తుడిచి, మళ్ళీ మంచినీళ్ళ గుడ్డ పెట్టండి. తలుపులు తెరిచి ఆరనివ్వండి. వాసన మిగిలితే వంటసోడా చల్లి రాత్రంతా ఉంచి, పొద్దున్నే బ్రష్షుతో దులపండి. సెంటు కొడితే రెండు వాసనలూ కలిసి కడుపులో తిప్పుతుంది! కింది మ్యాటు ఎత్తి చూడటం మరవకండి, సగం పాలు అక్కడే ఉంటాయి.

సీటుబెల్టు బకిల్‌లోకి తీపి పానీయం వెళ్ళి బటన్ పట్టేస్తుంటే మాత్రం సొంతవైద్యం వద్దు, మెకానిక్కుకి చూపించండి.