ఇన్‌స్టాల్ అయింది, లోడ్ కాలేదు: నేటివ్ లైబ్రరీల సమస్యను గుర్తించడం

7.1 పరిచయం

మేడ్చల్‌లో ప్రింటింగ్ షాపు నడుపుతున్న మీ బాబాయి కోసం ఒక చిన్న పైథాన్ ప్రోగ్రాం రాశారనుకోండి. మహిళా సంఘం సభ్యుల పేర్లను, ఊళ్లను ఎక్సెల్ షీటు నుంచి తీసుకొని, పిల్లో అనే ప్యాకేజీ సాయంతో ఒక్కొక్కరికీ గుర్తింపు కార్డు బొమ్మను తయారుచేయడం దాని పని. ఉబుంటు ఉన్న మీ ల్యాప్‌టాప్‌లో అది చక్కగా నడిచింది. షాపులోని విండోస్ కంప్యూటర్‌లో పిప్ ద్వారా అదే పిల్లోను, అదే వెర్షన్‌లో వేశారు. ఎక్కడా ఎర్రర్ రాలేదు. రెండు వందల కార్డులు ప్రింటయ్యాక చూస్తే 'లక్ష్మి' పేరులో ఒత్తులు కిందికి దిగలేదు. క, ష, మ అక్షరాలు మధ్యలో పొల్లులతో వరసగా నిలబడ్డాయి. 'మేడ్చల్'లో డకారం కింద ఉండాల్సిన చవత్తు పక్కకు వచ్చి పూర్తి అక్షరమైంది. తన పేరు తప్పుగా ఉన్న కార్డును ఏ సభ్యురాలు తీసుకుంటుంది?

ఫాంటు అదే, కోడ్ అదే, పిల్లో వెర్షన్ కూడా అదే. తేడా వచ్చింది ఒక నేటివ్ లైబ్రరీ దగ్గర. ఈ భాగంలో ఆ ఒక్క లోపాన్ని పట్టుకొని, ఇలాంటి సమస్యను ఏ క్రమంలో పరిశీలించాలో చూద్దాం. ఆదేశాలను, ఫైలు పేర్లను ఇక్కడ పలికే తీరులో తెలుగులోనే రాశాం; మీరు టైపు చేసేటప్పుడు ఇంగ్లిషు అక్షరాలు వాడాలి.

నేటివ్ లైబ్రరీ అంటే సీ వంటి భాషలో రాసి, ముందుగానే యంత్రభాషలోకి కంపైల్ చేసిన ఫైలు. లైనక్స్‌లో దాని పేరు డాట్ ఎస్ఓతో, విండోస్‌లో డాట్ డీఎల్ఎల్‌తో, మ్యాక్‌లో డాట్ డైలిబ్‌తో ఉంటుంది. పైథాన్ కోడ్‌ను ఏ కంప్యూటర్‌కైనా యథాతథంగా తీసుకుపోవచ్చు. నేటివ్ లైబ్రరీ అలా కాదు. అది ఫలానా ఆపరేటింగ్ సిస్టమ్‌కు, ఫలానా ప్రాసెసర్‌కు కట్టుబడి ఉంటుంది.

7.2 ఒత్తు వెనుక ఉన్న లైబ్రరీలు

యూనికోడ్‌లో ఒత్తులకు విడిగా సంకేతాలు లేవు. 'క్ష' అంటే క, పొల్లు, ష అనే మూడు సంకేతాల వరుస. ఆ మూడింటినీ కలిపి ఒకే రూపంగా మార్చే పనిని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చేస్తుంది. (ఆ పేరు 'ఓపెన్ టైప్' అనే మాటకు పారశీక రూపం.) ఫ్రీటైప్ ఫాంటులోని ఆకారాలను గీస్తుంది. ఫ్రిబిడి అనేది ఉర్దూ, అరబ్బీ వంటి కుడి నుంచి ఎడమకు సాగే లిపులు కలిసినప్పుడు వరుసను నిర్ణయిస్తుంది. ఈ మూడింటినీ ఒకచోట కలిపే లైబ్రరీ రక్మ్.

2021లో వచ్చిన 8.2.0 వెర్షన్ నుంచి పిప్ ద్వారా దిగే పిల్లో వీల్ ఫైలులో రక్మ్ కూడా ఉంటోంది. అయితే ఫ్రిబిడి మాత్రం అందులో లేదు. ప్రోగ్రాం నడిచేటప్పుడు ఆ కంప్యూటర్‌లో ఫ్రిబిడి ఎక్కడైనా ఉందేమోనని పిల్లో వెతుకుతుంది. దొరకకపోతే రక్మ్ మొత్తం లేనట్టే భావించి, ఒక్కో సంకేతానికి ఒక్కో ఆకారాన్ని వరసగా పేర్చే ప్రాథమిక పద్ధతికి దిగిపోతుంది. అదీ ఒక్క మాట కూడా చెప్పకుండా!

తెలుగు ఎడమ నుంచి కుడికే సాగుతుంది కదా, ఫ్రిబిడితో మనకేం పని అని మీకు సందేహం రావచ్చు. న్యాయమైన సందేహమే. రక్మ్ ఏ వాక్యానికైనా ముందు దిశను తేల్చుకొని, ఆ తరవాతే హార్ఫ్‌బజ్‌కు అప్పగిస్తుంది. అందువల్ల ఉర్దూ కోసం ఉన్న లైబ్రరీ లేకపోతే తెలుగు ఒత్తు చెడిపోతుంది. ఉర్దూ తెలంగాణలో రెండో అధికార భాష కూడా కాబట్టి, ఇక్కడ కార్డులు, బోర్డులు తయారుచేసేవారికి ఫ్రిబిడి ఎలాగూ అవసరపడుతుంది.

7.3 ఎవరి పద్దు వారిదే

పిప్ తన పద్దులో పైథాన్ ప్యాకేజీలనే రాసుకుంటుంది. ఉబుంటులోని ఆప్ట్, మ్యాక్‌లోని హోమ్‌బ్రూ తమ తమ పద్దుల్లో సిస్టమ్ లైబ్రరీలను రాసుకుంటాయి. కొండా రెండు రకాలనూ తన ఎన్విరాన్‌మెంట్ లోపలే ఉంచుతుంది. ఒకరి పద్దును మరొకరు సరిచూసుకోరు. పిల్లోకు ఫ్రిబిడి కావాలని పిప్‌కు తెలిసే మార్గం లేదు. తెలిసినా ఆప్ట్‌ను పిలిచి తెప్పించే అధికారం దానికి లేదు. 'సక్సెస్‌ఫుల్లీ ఇన్‌స్టాల్డ్' అని పిప్ చెప్పింది తన పద్దు వరకే నిజం.

ప్రోగ్రాం నడిచేటప్పుడు లైబ్రరీని వెతికేది వీరెవరూ కాదు; ఆపరేటింగ్ సిస్టమ్‌లోని లోడర్. దానికి ప్యాకేజీల పేర్లు పట్టవు. ఒక ఫైలు పేరును పట్టుకొని, తనకు చెప్పిన ఫోల్డర్లలో మాత్రమే వెతుకుతుంది. 2016 అక్టోబర్ 11న ఏర్పడిన మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా కలెక్టరేట్‌ను తలుచుకోండి. జిల్లా పేరు చూసి మేడ్చల్ పట్టణంలో దిగి వెతికితే అది దొరకదు. కొంతకాలం కీసరలో నడిచి, ఇప్పుడు శామీర్‌పేట దగ్గరి అంతాయిపల్లిలో ఉంది. కార్యాలయం ఉంది, పేరు సరైనదే, వెతికిన చోటే వేరు. లోడర్ అయితే దారిలో ఎవరినీ అడగదు కూడా. తన జాబితాలోని చోట్లు అయిపోగానే 'లేదు' అని తేల్చేస్తుంది.

మీ ల్యాప్‌టాప్‌లో కార్డులు బాగా రావడానికి కారణమూ ఇక్కడే ఉంది. ఉబుంటు డెస్క్‌టాప్‌లో తెరమీద అక్షరాలను చూపే పాంగో లైబ్రరీకి ఫ్రిబిడి కావాలి, కాబట్టి ఆప్ట్ దాన్ని ముందే తెచ్చిపెట్టింది. మీరు వేయలేదు, పిల్లో తేలేదు, అయినా దొరికింది. అదే ప్రోగ్రాంను డెస్క్‌టాప్ లేని సర్వర్‌లోనో, చిన్న డాకర్ కంటెయినర్‌లోనో నడిపితే ఈ అదృష్టం ఉండదు.

7.4 పరిశీలించే క్రమం

మొదట, ఏ పైథాన్ నడుస్తోందో చూడండి. ఒకే యంత్రంలో సిస్టమ్ పైథాన్, కొండా పైథాన్, వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ పైథాన్ ఉండటం మామూలే. పిల్లోను ఒకదానిలో వేసి, ప్రోగ్రాంను మరొకదానితో నడిపితే మిగతా పరిశీలనంతా వృథా. పిప్‌ను నేరుగా పిలవకుండా, 'పైథాన్ హైఫన్ ఎం పిప్' అని పిలిచే అలవాటు చేసుకుంటే ఈ చిక్కు చాలావరకు తప్పుతుంది.

తరవాత అదే పైథాన్‌కు 'హైఫన్ ఎం పీఐఎల్' అని ఇవ్వండి. పిల్లో తనకు ఏయే సదుపాయాలు అందాయో ఒక నివేదిక ఇస్తుంది. అందులో రక్మ్ వరుస చూడండి. అక్కడ 'నాట్ ఇన్‌స్టాల్డ్' అని ఉంటే ఫాంటును మార్చి ప్రయోజనం లేదు. చాలామంది విద్యార్థులు ఈ మెట్టు దాటేసి, ఫాంట్లు ఒకదాని తరవాత ఒకటి దించుకుంటూ సాయంత్రమంతా గడిపేస్తారు.

మూడో మెట్టు ముఖ్యమైనది. పిల్లో మింగేసిన ఎర్రర్‌ను బయటికి రప్పించాలి. పైథాన్‌లోని సీటైప్స్ మాడ్యూల్‌లో ఉన్న సీడీఎల్ఎల్‌కు ఫ్రిబిడి ఫైలు పేరు ఇచ్చి మీరే లోడ్ చేయించండి. లైనక్స్‌లో ఆ పేరు 'లిబ్‌ఫ్రిబిడి డాట్ ఎస్ఓ డాట్ 0'. వచ్చే సందేశాన్ని తొందరపడకుండా చదవండి. ఫైలు లేదని అంటే, ఏ ఫైలు లేదంటోందో చూడాలి. మీరు అడిగినది దొరికి, దానికి కావలసిన ఇంకో లైబ్రరీ దొరకకపోయినా ఇలాంటి సందేశమే వస్తుంది. విండోస్‌లో 126 నంబరు ఎర్రర్‌ది ఇదే స్వభావం. 193 నంబరు వచ్చిందంటే ఫైలు దొరికింది కానీ రకం కుదరలేదు. సాధారణంగా 64 బిట్ల పైథాన్‌కు 32 బిట్ల డీఎల్ఎల్ ఎదురైందని అర్థం. లైనక్స్‌లో జీలిబ్‌సీ వెర్షన్ పేరు చెప్పి అది లేదంటే, ఆ లైబ్రరీని మీకంటే కొత్త సిస్టమ్ మీద కంపైల్ చేశారన్నమాట. ఈ మూడు జబ్బులకు మూడు వేర్వేరు మందులు.

లోడర్ ఏయే ఫోల్డర్లు తిరిగిందో కళ్లారా చూడాలంటే, లైనక్స్‌లో 'ఎల్‌డీ అండర్‌స్కోర్ డీబగ్' అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు 'లిబ్స్' అనే విలువ ఇచ్చి ప్రోగ్రాం నడపండి. తెరనిండా వరుసలు వస్తాయి. వాటిలో ఫ్రిబిడి పేరున్నవి చదివితే చాలు.

7.5 సరిచేయడం

లైనక్స్‌లో పని తేలిక. ఆప్ట్ ద్వారా 'లిబ్‌ఫ్రిబిడి0' వేస్తే, ఆప్ట్ లోడర్ జాబితాను కూడా తాజా చేస్తుంది. ఒక సంగతి గమనించండి. కొందరు హార్ఫ్‌బజ్‌ను ఆప్ట్‌తో వేసి, ఏమీ మారలేదని విసుక్కుంటారు. వీల్ ఫైలు తనకు కావలసిన హార్ఫ్‌బజ్‌ను తనతోనే తెచ్చుకుంటుంది కాబట్టి సిస్టమ్‌లోనిది దానికి అక్కరలేదు. ఇంకొందరు ఆప్ట్‌తో రక్మ్ వేస్తారు, సమస్య తీరిపోతుంది. తీర్చింది రక్మ్ కాదు. దానికి డిపెండెన్సీగా వెంట వచ్చిన ఫ్రిబిడి.

మ్యాక్‌లో కథ కొంచెం పొడవు. ఇంటెల్ మ్యాక్‌లలో హోమ్‌బ్రూ తన లైబ్రరీలను /యూఎస్ఆర్/లోకల్ కింద పెట్టేది. ఆ చోటు లోడర్ మామూలుగా వెతికే జాబితాలో ఉంది. 2020 చివర్లో ఆపిల్ సొంత ప్రాసెసర్లతో మ్యాక్‌లు వచ్చాక హోమ్‌బ్రూ వాటిలో /ఆప్ట్/హోమ్‌బ్రూకు మారింది. ఆ చోటు ఆ జాబితాలో లేదు. పాత మ్యాక్‌లో పనిచేసిన సూచనలు కొత్తదానిలో విఫలం కావడానికి ఇది ఒక పెద్ద కారణం. 'డీవైఎల్‌డీ'తో మొదలయ్యే వేరియబుల్‌తో దారి చూపించవచ్చు. కానీ సిస్టమ్ రక్షణలో ఉన్న షెల్ గుండా స్క్రిప్టును నడిపితే మ్యాక్ ఆ వేరియబుల్‌ను మధ్యలోనే తీసేస్తుంది. టెర్మినల్‌లో పనిచేసి, స్క్రిప్టులో పనిచేయకపోతే దీన్ని అనుమానించండి. ఇంటెల్ కోసం కట్టిన పైథాన్‌ను కొత్త మ్యాక్‌లో రొజెట్టా ద్వారా నడుపుతుంటే, కొత్త హోమ్‌బ్రూ తెచ్చిన ఫైలు చేతికందినా లోడ్ కాదు. ప్రాసెసర్ రకాలు వేరు.

ఇక మన షాపు విండోస్. ఫ్రిబిడి డీఎల్ఎల్‌ను ఎమ్‌సిస్2 వంటి నమ్మకమైన ప్యాకేజీ మేనేజర్ నుంచి తెచ్చుకొని, అది ఉన్న ఫోల్డర్‌ను పాత్‌లో చేర్చాలి. ఎమ్‌సిస్2 బిన్ ఫోల్డర్ మొత్తాన్ని పాత్‌లో పెడితే అందులోని ఇతర డీఎల్ఎల్‌లు వేరే ప్రోగ్రాంలకు అడ్డు తగలవచ్చు. విడి ఫోల్డర్‌లో ఆ ఒక్క ఫైలును ఉంచడం మేలు. డీఎల్ఎల్‌లు ఉచితంగా ఇస్తామనే ఊరూపేరూ లేని సైట్ల జోలికి మాత్రం పోకండి. ఫైలు పేరు మార్చి వెర్షన్ కుదిరినట్టు చూపించడమూ ప్రమాదమే. లోడర్ మోసపోతుంది, ప్రోగ్రాం మధ్యలో కూలిపోతుంది.

7.6 ప్రోగ్రాం తానే చెప్పేలా చేయడం

షాపులో రెండు వందల కార్డులు పాడవడానికి ఫ్రిబిడి లేకపోవడం సగం కారణమే. ప్రోగ్రాం మౌనంగా ఉండటం మిగతా సగం. పిల్లోలో అక్షరాలు గీసే 'టెక్స్ట్' ఫంక్షన్‌కు 'లాంగ్వేజ్' అనే వాదం ఉంది. తెలుగుకు దాని విలువ 'టీఈ'. భాషను ఇలా చెప్పినప్పుడు రక్మ్ లేకపోతే పిల్లో ఊరుకోదు. 'కీ ఎర్రర్' ఇచ్చి ఆగిపోతుంది. ఒక్క వాదం చేరిస్తే మొదటి కార్డు దగ్గరే విషయం తెలిసిపోయేది.

పరీక్షకు వాడే మాటను కూడా ఆలోచించి ఎంచుకోండి. 'శామీర్‌పేట'లో ఒత్తు లేదు. గుణింతాలు సరిగా అతకకపోయినా చిన్న అక్షరాల్లో కన్ను దాటిపోతుంది. 'మేడ్చల్' నయం. 'స్త్రీ', 'లక్ష్మి' అంతకంటే మంచివి, ఒకే చోట రెండేసి ఒత్తులున్నాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

మీ స్నేహితురాలు కొత్త మ్యాక్‌లో హోమ్‌బ్రూతో ఫ్రిబిడి వేసింది. పిల్లో నివేదిక మాత్రం రక్మ్ లేదంటోంది. సీటైప్స్‌కు ఫైలు పేరు మాత్రమే ఇస్తే దొరకలేదంది. పూర్తి దారితో ఇస్తే లోడ్ అయింది. లోపం పిప్‌దా, హోమ్‌బ్రూదా, లోడర్ జాబితాదా? ప్రాసెసర్ రకం కుదరకపోవడాన్ని మీరు ఏ ఆధారంతో కొట్టివేస్తారు?