పాత పెట్టె, కొత్త పాట

భిలాయ్ తెలుగు ఇళ్లలో బీరువా అరల్లో మిగిలిపోయిన మ్యూజిక్ ప్లేయర్లకు మళ్లీ పని దొరుకుతోంది. కొత్త పాట ఎక్కించడం చిటికెలో పనిలా కనిపిస్తుంది. తొందరపడితే మాత్రం ఇరవై ఏళ్ల పాటలు చిటికెలోనే పోతాయి.

ఉక్కు కర్మాగారంలో ఉద్యోగ విరమణ అంటే పూలదండ, శాలువాతో అయిపోయేది కాదు. ఆ తర్వాత క్వార్టర్ ఖాళీ చేయడం ఉంటుంది. ముప్పై ఏళ్ల కాపురం అట్టపెట్టెల్లోకి ఎక్కే ఆ రోజుల్లో బీరువా పై అర నుంచి రకరకాల వస్తువులు దిగుతాయి. పాత పాస్‌బుక్కులు, ఎవరివో గుర్తు రాని పెళ్లి ఫోటోలు, చిక్కుపడిన ఇయర్‌ఫోన్లు, వాటి చివర అగ్గిపెట్టెంత మ్యూజిక్ ప్లేయర్. బెంగళూరు నుంచో హైదరాబాద్ నుంచో సాయానికి వచ్చిన కొడుకు దాన్ని చెత్తబుట్ట వైపు విసరబోతాడు. తల్లి ఆపుతుంది, అందులో పాటలున్నాయని. ఆమె రెండో ప్రశ్న ఇంకా చిక్కుది: ఇందులోకి కొత్తవి ఎక్కుతాయా?

ఎక్కుతాయి. అయితే ఆ పెట్టె ఏ జాతిదో, అందులో ఉన్నవి ఇంకెక్కడైనా ఉన్నాయో లేదో ముందు తేల్చుకోవాలి.

భిలాయ్‌లో ఈ రెండో సంగతికి ఉన్న బరువు వేరు. సోవియట్ సహకారంతో కర్మాగారం కట్టడానికి 1955 ఫిబ్రవరి 2న ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. అప్పటి నుంచీ దేశం నలుమూలల నుంచి జనం వచ్చి చేరడంతో ఈ ఊరికి ‘మినీ ఇండియా’ అనే పేరు స్థిరపడింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి వచ్చినవారు వారిలో పెద్ద భాగమే. సెక్టార్ 5లోని బాలాజీ ఆలయం వాళ్ల ఉనికికి గుర్తు. ఆ తరానికి ఇంట్లో తెలుగు, వర్క్‌షాపులో హిందీ, బజారులో ఛత్తీస్‌గఢీ. పిల్లలకు వచ్చేసరికి తెలుగు మాట్లాడటం మిగిలింది, చదవడం చాలా ఇళ్లలో పోయింది.

పాటలకూ ఒక సరఫరా దారి ఉండేది. సెలవులకు ఊరెళ్లినవాళ్లు తిరుగు ప్రయాణంలో పచ్చళ్ల జాడీలతో పాటు క్యాసెట్లు తెచ్చేవారు. రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయపూర్, దుర్గ్ చేరే సమతా ఎక్స్‌ప్రెస్ లాంటి రైళ్లే ఆ దారి. తర్వాత క్యాసెట్ స్థానంలోకి ఒకే పళ్లెంలో వందకు పైగా పాటలు పట్టే ఎంపీ3 సీడీ వచ్చింది. ఆ వెనకే ప్లేయర్లు వచ్చాయి.

ప్రపంచంలో ఈ కథ 1998లో మొదలైంది. దక్షిణ కొరియా కంపెనీ సేహాన్ తెచ్చిన ఎంపీమ్యాన్, అమెరికాలో డైమండ్ సంస్థ తెచ్చిన రియో ఆ ఏడాదివే. రియోను ఆపాలని రికార్డింగ్ కంపెనీలు కోర్టుకెక్కి 1999లో అప్పీలు కోర్టులో ఓడిపోయాయి. 2001 అక్టోబరు 23న యాపిల్ తన ఐపాడ్‌ను ప్రకటించింది. 5 జీబీ డిస్కు, వెయ్యి పాటలు, ధర 399 డాలర్లు. భిలాయ్ మధ్యతరగతికి అది చాలాకాలం అందని వస్తువే. ఇక్కడ ఎక్కువగా తిరిగినవి 256 ఎంబీ, 512 ఎంబీ చవక ప్లేయర్లు. పెన్‌డ్రైవ్‌కు మీటలు తగిలించినట్టుండే ఈ రకంలో చాలావాటికి ఎఫ్ఎం రేడియో, చిన్న వాయిస్ రికార్డరూ ఉండేవి. ఐఐటీ కోచింగుకు పేరుపడిన ఊరు కాబట్టి ఇంజినీరింగ్ సీటు తెచ్చుకున్న పిల్లాడికి బహుమతిగా కొన్నవి కొన్ని. వాడు ఫోను కొనుక్కున్నాక అవి అమ్మానాన్నల చేతికొచ్చాయి.

కొత్త పాట కావాలంటే అప్పట్లో ఒకటే మాట: ‘ఎక్కించుకురా’. దేశమంతటా లాగే సుపేలా, పవర్‌హౌస్ బజార్లలోనూ మొబైల్ కొట్లలో కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడికి మెమరీ కార్డు ఇస్తే కాసేపట్లో నింపి ఇచ్చేవాడు. హిందీ, భోజ్‌పురి, ఛత్తీస్‌గఢీ, తెలుగు, ఎవరికి కావాల్సిన ఫోల్డర్ వాళ్లకు. రికార్డింగ్ కంపెనీల దృష్టిలో అది దొంగతనం. కొనేవాడి దృష్టిలో మాత్రం అది కొట్టు, అంతే. 2016 సెప్టెంబరులో జియో రంగంలోకి దిగి డేటా చవకయ్యాక ఆ వ్యాపారం కరిగిపోయింది. పాట ఫోనులోకి నేరుగా ప్రవహించడం మొదలైంది. ఫైలు అనే వస్తువే చేతిలోంచి జారిపోయింది. నేటి చిక్కు మొదలయ్యేది అక్కడే.

తుడిచేయమంటారా?

పాత ప్లేయర్లలో స్థూలంగా రెండు జాతులు. మొదటిది అమాయకమైనది. కంప్యూటర్‌కు తగిలిస్తే పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తుంది, ఫైలు వేస్తే పాడుతుంది. భిలాయ్ బీరువాల్లోంచి దిగేవాటిలో ఎక్కువ ఇవే. రెండోది ఐపాడ్. దానికీ డిస్కులా కనిపించే గుణం ఉంది కానీ అందులో ఎంపీ3 ఫైలు పడేస్తే పడి ఉంటుందే తప్ప పాడదు. ఎందుకంటే ఐపాడ్ ఫోల్డర్లను వెతకదు. తన దగ్గరున్న ఒక జాబితాను మాత్రమే నమ్ముతుంది. ఆ జాబితాలో పేరు రాయాల్సింది ఐట్యూన్స్.

ఐట్యూన్స్‌కు ఐపాడ్ అంటే కంప్యూటర్‌లోని పాటల సంచికి నకలు. కాబట్టి కొత్త కంప్యూటర్‌కు తగిలించగానే, ఈ ఐపాడ్ వేరే లైబ్రరీకి చెందినది, ఇందులో ఉన్నవి తుడిచి ఇక్కడివి నింపమంటారా అనే అర్థంలో అడుగుతుంది. పాత కంప్యూటర్ ఏనాడో తుక్కు కింద పోయింది. కొత్త ల్యాప్‌టాప్‌లో ఉన్నవి నాలుగు పాటలు. విసుగులో ‘సరే’ నొక్కితే మూడు వేల పాటలు పోయి ఆ నాలుగే మిగులుతాయి. యంత్రం చేసిన తప్పేమీ లేదు, అడిగే చేసింది. ఎక్కువ నష్టాలు జరిగేది ఈ ఒక్క మెట్టు దగ్గరే.

అందుకే ఏ జాతి ప్లేయరైనా మొదట చేయాల్సింది ఎక్కించడం కాదు, దించుకోవడం. మామూలు ప్లేయర్‌లో మొత్తం ఫోల్డర్లు కాపీ చేసుకుంటే సరిపోతుంది. ఐపాడ్‌లో పాటలు దాచిన ఫోల్డర్‌లో ఉంటాయి. విండోస్‌లో దాచిన ఫైళ్లు చూపించమంటే ‘ఐపాడ్ కంట్రోల్’ అనే ఫోల్డర్, అందులో ‘మ్యూజిక్’, దాని లోపల ఎఫ్00, ఎఫ్01 అంటూ వరస గదులు బయటపడతాయి. ఫైళ్ల పేర్లు నాలుగేసి అక్షరాల గజిబిజి. చూసి బెదరనక్కర్లేదు. పాట పేరు, గాయకుడి పేరు ఫైలు లోపలే రాసి ఉంటే బయటికి తీశాక పాటల సాఫ్ట్‌వేర్ ఏదైనా చదివేస్తుంది. మ్యాక్‌లో ఫార్మాట్ చేసిన ఐపాడ్‌ను మాత్రం విండోస్ గుర్తుపట్టదు. అప్పుడు మ్యాక్ ఉన్న స్నేహితుణ్ణి వెతుక్కోవాల్సిందే.

2019లో యాపిల్ తన మ్యాక్‌లలో ఐట్యూన్స్‌ను తీసేసి ఆ పనిని ఫైండర్‌కు అప్పగించింది. ఐపాడ్ క్లాసిక్ 2014లోనే ఆగిపోయింది. 2022 మే 10న మొత్తం ఐపాడ్ వంశానికే తెరదించింది. అయినా పెట్టెలు బతికే ఉన్నాయి. ఐట్యూన్స్‌తో వేగలేనివారికి రాక్‌బాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఔత్సాహికులు 2001లో మొదలుపెట్టిన ఈ ప్రాజెక్టు చాలా ఐపాడ్‌లతో పాటు శాన్‌డిస్క్, ఐరివర్ ప్లేయర్లలో కొన్నింటికీ పనికొస్తుంది. దాన్ని వేసుకుంటే ఐపాడ్ కూడా మొదటి జాతిలోకి మారిపోతుంది: ఫైలు వేయి, పాట విను.

పాటల కన్నా విలువైనది ఇంకొకటి ఈ పెట్టెల్లో దొరుకుతుంది. రికార్డర్ ఉన్న ప్లేయర్‌లో పాటల ఫోల్డర్ పక్కన రికార్డింగుల ఫోల్డర్ ఒకటి ఉంటుంది. పొరపాటున మీట నొక్కుకుపోయి పట్టిన వంటింటి చప్పుళ్లు, గుడిలో భజన, మనవడితో పద్యం చెప్పిస్తున్న తాతయ్య గొంతు లాంటివి చేరే చోటు అది. సినిమా పాట ఎక్కడైనా దొరుకుతుంది. ఈ ఫైలుకు రెండో ప్రతి లేదు. స్థలం చాలడం లేదని అర్థంకాని అంకెల పేర్లతో ఉన్నవాటిని మొదట చెరిపేస్తుంటారు. సరిగ్గా చెరపకూడనివి అవే.

కాపీకి తొందరపడటానికి ఇంకో కారణం వయసు. ఏళ్ల తరబడి కరెంటు తగలని ఫ్లాష్ మెమరీలో రాత నెమ్మదిగా మసకబారవచ్చు. లిథియం బ్యాటరీ పూర్తిగా అడుగంటితే ఛార్జర్ పెట్టగానే దీపం వెలగదు, కొంతసేపు ఓపిక పట్టాలి. వెనక రేకు ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం ఓపిక ప్రసక్తే లేదు. ఛార్జింగ్ పెట్టకుండా రిపేరు తెలిసినవాడి దగ్గరకు తీసుకెళ్లాలి. పెన్సిల్ సెల్ వేసుకునే చవక ప్లేయర్లకు ఈ బాధ లేదు. తీసిపారేసిన చైనా సరుకే చివరికి ఎక్కువకాలం నిలవడం కొంత వింతే.

పాట ఎక్కడిది?

దించుకున్నాక ఎక్కించాలి. దేన్ని? నెలనెలా డబ్బు కట్టి వినే స్ట్రీమింగ్ యాప్‌లో ‘డౌన్‌లోడ్’ అని రాసి ఉంటుంది కానీ ఆ పాట ఆ యాప్ లోపల తాళం వేసి ఉంటుంది, ప్లేయర్‌లోకి రాదు. ఫైలును న్యాయంగా అమ్మే కొట్లు దేశంలో నిలదొక్కుకోలేదు. ఫ్లిప్‌కార్ట్ 2012 ఫిబ్రవరిలో తెరిచిన ఫ్లైట్ అనే ఎంపీ3 దుకాణం 2013లో మూతపడింది. అదే 2012 డిసెంబరులో యాపిల్ పాటల దుకాణం భారత్‌కు వచ్చినా చిల్లర కొట్టు అలవాటున్న శ్రోతను పెద్దగా కదపలేదు.

మిగిలిన దారుల్లో నమ్మకమైనది ఇంట్లోనే ఉంది: కొన్న సీడీలు. సొంత వాడకానికి చేసుకునే న్యాయమైన ప్రతికి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ మినహాయింపు ఇస్తోంది. 2012 సవరణ దాని పరిధిని సౌండ్ రికార్డింగులకూ విస్తరించింది. సీడీ డ్రైవ్ ఉన్న పాత కంప్యూటర్ ఒకటి దొరికితే చాలు. పాతవి కదా, హక్కులు తీరిపోయి ఉంటాయనే వాదన వింటుంటాం. అది సగమే నిజం. రికార్డింగ్ మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. ఆ లెక్కన 1957 నాటి ‘మాయాబజార్’ రికార్డింగుల గడువు తీరింది. కానీ సాహిత్యం మీద హక్కు రచయిత మరణం తర్వాత 60 ఏళ్లు. పింగళి నాగేంద్రరావు 1971లో కన్నుమూశారు కనుక ఆ మాటల మీద హక్కు 2031 చివరిదాకా ఉంటుంది.

ఇక స్థలం లెక్క. 128 కేబీపీఎస్‌లో నిమిషం పాట ఇంచుమించు ఒక ఎంబీ. 512 ఎంబీ ప్లేయర్‌లో అయిదు నిమిషాల పాటలు వంద పడతాయి. అదే 320 కేబీపీఎస్‌లో అయితే నలభై దాటవు. చిన్న ఇయర్‌ఫోన్లలో ఆ తేడా తెలిసే చెవులు తక్కువ. కార్డు పట్టే ప్లేయర్ అయితే ఇంకో తిరకాసు. బాగా పాతవి 2 జీబీ దాటిన కార్డును గుర్తించవు, ఆ తర్వాతి తరం చాలావరకు 32 జీబీ దగ్గర ఆగుతుంది. చవకగా దొరికిందని 128 జీబీ కార్డు తెస్తే పెట్టె మొహం తిప్పుకుంటుంది.

తెలుగువాడికి వచ్చే ఇంకో ఇబ్బంది అక్షరం. తెలుగులో పేరున్న ఫైలును చాలా పాత ప్లేయర్లు ప్రశ్నార్థకాలుగానో ఖాళీ డబ్బాలుగానో చూపిస్తాయి. అందుకని పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో రాయాల్సి వస్తుంది. అక్కడ ఘంటసాల పేరును ఒకరు ‘హెచ్’ పెట్టి రాస్తే ఇంకొకరు మానేస్తారు. ప్లేయర్‌కు వాళ్లు ఇద్దరు గాయకులు. ఏదో ఒక వర్ణక్రమానికి కట్టుబడి అన్నీ దిద్దుకుంటే గాని ఆయన ఒక్కచోట చేరడు. భాషాభిమానికి ఇది బాధే. కానీ తెలుగు లిపి రాని భిలాయ్ రెండో తరం తండ్రి పాటల్ని వెతుక్కోగలుగుతున్నది ఆ ఇంగ్లిష్ అక్షరాల వల్లే.

ఆ పెట్టెల్లోకి చేరే కొత్త పాట కూడా ఎప్పుడూ తెలుగే కానక్కర్లేదు. భిలాయ్ పక్కనే ఉన్న గనియారీలో పుట్టి, ఈ కర్మాగారంలోనే ఉద్యోగం చేసి, 2019లో పద్మవిభూషణ్ అందుకున్న తీజన్ బాయి పండవాని ఈ ఊరి తెలుగువాళ్లకు పరాయిది కాదు. ఘంటసాల పద్యాలు విని పెరిగిన చెవికి ఆమె భీముడు, దుశ్శాసనుడు కొత్తవాళ్లేం కాదు.

2024 సెప్టెంబరులో మొదలైన దుర్గ్–విశాఖపట్నం వందేభారత్ ఆ దూరాన్ని దాదాపు ఎనిమిది గంటలకు తెచ్చింది. రాయగడ చుట్టుపక్కల కొండల్లో ఫోను సిగ్నల్ తెగినప్పుడు యాప్ గిర్రున తిరుగుతూ ఉండిపోతుంది. ప్లేయర్‌కు సిగ్నల్‌తో పని లేదు.

చివరగా ఒక చిన్న చిరాకు. చవక ప్లేయర్లలో చాలావాటికి అక్షరక్రమం తెలియదు. ఏ ఫైలు ముందు ఎక్కితే అదే ముందు పాడతాయి. ఎప్పుడో మొదట ఎక్కించిన సుప్రభాతం అందుకే మీట నొక్కగానే వస్తుంది, ఈరోజు ఎక్కించిన పాట అన్నిటికన్నా చివర వస్తుంది. వరస మార్చాలంటే అన్నీ కంప్యూటర్‌లోకి దించి, ప్లేయర్‌ను ఖాళీ చేసి, కావాల్సిన క్రమంలో ఒక్కొక్కటే మళ్లీ ఎక్కించాలి. వంద పాటలకు ఒక సాయంత్రం పడుతుంది. చాలా ఇళ్లలో ఆ పని పెట్టుకోరు. సుప్రభాతాన్ని మొదట్లోనే ఉండనిచ్చి, కొత్త పాట కోసం వెనక్కి వెళ్లే మీట ఒకసారి నొక్కుతారు. జాబితా చుట్టు తిరిగి చివరి పాట దగ్గర ఆగుతుంది.