మందుకు కొలబద్ద

మిర్యాలగూడ దగ్గర ఒక రైతు ఉన్నాడనుకుందాం. ఎవరో ఆయనకు కొత్తరకం వరి విత్తనం ఇచ్చి, "ఇది వేస్తే పంట ఇబ్బడిముబ్బడిగా పండుతుంది," అన్నారు. రైతు వేశాడు. పంట బాగానే పండింది. అయితే అది విత్తనం గొప్పతనమేనా? ఆ ఏడు సాగరు ఎడమ కాలువకు నీళ్లు సమృద్ధిగా వచ్చాయేమో! చీడపీడలు లేవేమో!

నిజం తేలటానికి ఒక ఉపాయం ఉంది. ఒకే పొలాన్ని రెండు మళ్లు చేసి, ఒకదానిలో పాత విత్తనమూ, రెండవదానిలో కొత్త విత్తనమూ వేయాలి. నీరూ, ఎరువూ సమానంగా పెట్టాలి. నూర్పిళ్లు కాగానే రెండు మళ్ల ధాన్యమూ విడివిడిగా తూచాలి.

పిల్లలూ, కొత్త మందులను పరీక్షించేదీ ఈ విధంగానే! ముఖ్యంగా కేన్సరు మందుల విషయంలో ఈ తూకం చాలా అవసరం.

మన శరీరం కోట్లకొలది కణాలతో ఏర్పడింది. కణాలు అవసరం మేరకే పెరుగుతాయి. కొన్ని కణాలు మాత్రం అదుపు తప్పి, అదే పనిగా పెరిగిపోతాయి. అదే కేన్సరు. మన పెద్దలు దీన్ని రాచపుండు అనేవారు.

ఈ జబ్బు మీద మందుతో జరిగిన తొలి విజయాలలో ఒక తెలుగువాడి చెయ్యి ఉంది. ఆయన 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. 1923లో అమెరికా వెళ్లి, తరవాత లెడర్లీ అనే మందుల సంస్థలో పరిశోధనలు నడిపాడు. అక్కడ తయారైన అమినాప్టెరిన్ అనే మందును బోస్టన్ నగరంలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్తపు కేన్సరు వచ్చిన పిల్లలకు ఇచ్చాడు. 16 మందిలో 10 మందికి గుణం కనిపించింది. ఫార్బర్ ఈ సంగతి 1948లో ప్రకటించాడు. కాని ఆ గుణం తాత్కాలికమేనని కూడా ఆయన దాచకుండా రాశాడు. అలా ఉన్నదున్నట్టు చెప్పటం వల్లనే తరవాతి వాళ్లకు దారి దొరికింది. ఆ మందుకు తమ్ముడి వంటి మెథోట్రెక్సేట్ ఈనాటికీ పిల్లల రక్తపు కేన్సరుకు వాడుతున్నారు.

మరి మందు గుణాన్ని దేనితో కొలుస్తారు? "గడ్డ చిన్నదయింది" అంటే సంతోషమే. కాని అంతటితో సరిపోదు. రోగి ఎక్కువ కాలం బతికాడా? బతికినన్నాళ్లూ నొప్పి లేకుండా, తన పని తాను చేసుకుంటూ ఉన్నాడా? అసలైన ప్రశ్నలు ఈ రెండే.

ఒక ఉదాహరణ చూడండి. సొరాఫెనిబ్ అనే మందును ముదిరిన కాలేయ కేన్సరు ఉన్న 602 మంది మీద పరీక్షించి, ఫలితాలు 2008లో ప్రచురించారు. సుమారు సగం మందికి మందు ఇచ్చారు. మిగిలిన వాళ్లకు చూడటానికి అలాగే ఉండే ఉత్త బిళ్లలు ఇచ్చారు. ఎవరికి ఏది అందిందో రోగికీ తెలియదు, వైద్యుడికీ తెలియదు. మీ తరగతిలో అందరినీ పొడుగు ప్రకారం వరసగా నిలబెట్టి, నడిమివాడిని పిలిచినట్టుగా, ప్రతి జట్టులోనూ నడిమి లెక్క తీశారు. ఉత్త బిళ్లల జట్టులో అది 7.9 నెలలు. మందు జట్టులో 10.7 నెలలు. తేడా 2.8 నెలలు. మందు వల్ల విరేచనాలూ, అరచేతులూ అరికాళ్లూ మంటలెత్తటమూ కొందరిని బాధించాయి. తూకంలో అవి కూడా చేరాలి.

ఇక ధర సంగతి. మన దేశంలో ఈ మందు నెలకు 2,80,428 రూపాయలు ఉండేది. 2012 మార్చిలో ప్రభుత్వ పేటెంట్ల అధికారి, హైదరాబాదులోని నాట్కో సంస్థ ఈ మందును తయారుచేసి నెలకు 8,880 రూపాయలకు అమ్మవచ్చునని ఉత్తర్వు ఇచ్చాడు. పేటెంటుదారుకు కొంత రుసుము చెల్లించాలన్నాడు. పది నెలల లెక్క వేసి చూడండి: ఒకటి 28 లక్షల పైచిలుకు, రెండవది 88,800 రూపాయలు! మందు గుణం వెంట్రుకవాసి కూడా మారలేదు. కాని దాని విలువ ఎంతగానో మారిపోయింది. గుణం వేరు, విలువ వేరు. గుణాన్నీ ఖర్చునూ పక్కపక్కన పెట్టి చూస్తేనే విలువ తెలుస్తుంది.

2015లో ఐరోపా కేన్సరు వైద్యుల సంఘం మందుల గుణానికి ఒక కొలబద్ద తయారుచేసింది. జబ్బును పూర్తిగా నయం చేసే ఉద్దేశంతో ఇచ్చే వాటికి ఏ, బి, సి అనే తరగతులు. మిగిలిన వాటికి 5 నుంచి 1 దాకా మార్కులు. కొత్తది కదా అని ఏ మందుకూ ఉత్తపుణ్యాన 5 మార్కులు రావు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుంచి ఎన్నో కుటుంబాలు వైద్యానికి హైదరాబాదు బస్సెక్కుతాయి. ఇంట్లో మనిషి కోసం పొలం అమ్మటానికైనా వెనుదీయరు. అది ప్రేమ. ఆ ప్రేమ మోసపోకూడదు. "అయ్యా, ఈ మందు వల్ల ఎంత మేలు? ఎన్నాళ్లు? బాధ ఎంత? ఖర్చు ఎంత? ఇంతకన్న చవకగా ఇంత మేలూ చేసేది ఇంకొకటి ఉందా?" అని వైద్యుణ్ణి అడగటం తప్పు కాదు. రైతు ధాన్యం తూచకుండా అమ్ముతాడా? మందును కూడా తూచి చూడటమే న్యాయం.